ఉత్తర కరేలియా నుంచి సిద్దిపేట దాకా: గుండె జబ్బు, ఊరి పూచీ

ఫిన్లాండ్ తూర్పు కొసన, రష్యా సరిహద్దును ఆనుకొని ఉత్తర కరేలియా అనే సీమ ఉంది. అడవులు, సరస్సులు, పాడి పశువులు, నెలల తరబడి మంచు. 1970 ప్రాంతంలో అక్కడి జనాభా సుమారు 1,80,000. అడవిలో దుంగలు నరికీ, పాలు పితికీ, చిన్న కమతాలు సాగుచేసుకొనీ బతికే కష్టజీవులు. ఒళ్లు వంచి పనిచేసే అలాంటి చోట నలభై, యాభై ఏళ్ల మగవాళ్లు ఉన్నట్టుండి గుండె పట్టుకొని కుప్పకూలిపోయేవారు. గుండె జబ్బు మరణాల లెక్కల్లో ఆనాడు ప్రపంచంలో మొదటి వరసలో ఉన్న దేశం ఫిన్లాండ్; ఫిన్లాండ్‌లో అన్నిటికంటే పైన ఉన్నది ఉత్తర కరేలియా. అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనం ఈ సంగతిని అంకెలతో సహా బయటపెట్టింది. 1971లో ఆ సీమ గవర్నరు, పార్లమెంటు సభ్యులు, స్థానిక సంఘాల పెద్దలు కలిసి దేశ ప్రభుత్వానికి మహజరు పెట్టుకున్నారు. తమ మనుషులు అర్ధాయుష్షుతో పోతున్నారనీ, దీనికి ఏదైనా మార్గం చూడాలనీ అందులో కోరారు.

గుండె జబ్బు గురించి ఒక సీమ జనం ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడం తెలుగువాళ్లకు కొత్తగా తోస్తుంది. రోడ్డు కావాలని అర్జీ పెడతారు, తాగునీరు కావాలని పెడతారు. గుండెపోటు మాత్రం ఎవరింటి దుఃఖం వారిది. పరామర్శకు వచ్చినవాళ్లు ‘సిగరెట్లు ఎక్కువ తాగేవాడు’, ‘నోరు కట్టుకోలేకపోయాడు’, ‘ఊరికే టెన్షన్ పడేవాడు’ అని ఒక మాట అనుకొని లేస్తారు. తప్పంతా పోయినవాడి మీదికే వెళ్తుంది. ఈ ఉపన్యాసం ఆ తీర్పును ఒప్పుకోవడం లేదు. మనిషి తినే తిండి, పీల్చే పొగ, నడిచే నడక అతని సొంత ఇష్టాల్లాగే కనిపిస్తాయి. కానీ వాటిని చాలావరకు తీర్చిదిద్దేది అతని ఇంటి వంటగది, వీధి చివరి కొట్టు, పనిచేసే చోటు, సర్కారు వేసే పన్ను. అలవాటు పుట్టిన చోటే దాన్ని మార్చాలి. ఈ మాటకు యాభై ఏళ్ల లెక్కల దన్ను ఉంది.

ముందుగా జబ్బు సంగతి. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. దాని గదుల నిండా ఎప్పుడూ రక్తం ఉన్నా, ఆ కండరానికి కావలసిన రక్తం మాత్రం బృహద్ధమని మొదట్లో పుట్టే రెండు నాళాల ద్వారానే అందాలి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఎడమది కాస్త దూరం పోయి రెండుగా చీలుతుంది. ఇవే కరోనరీ ధమనులు. వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. రక్తంలో కొలెస్టరాల్‌ను మోసుకుతిరిగే ఎల్‌డీఎల్ రేణువులు మోతాదు మించినప్పుడు ఈ నాళాల లోపలి పొరలోకి చొరబడి చిక్కుకుంటాయి. వాటిని మింగడానికి వచ్చిన తెల్లకణాలు కొవ్వుతో ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి. ఆ చోట వాపు వస్తుంది, పైన పీచులాంటి కప్పు ఏర్పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ సున్నం చేరుతుంది. పొగాకు, అధిక రక్తపోటు, షుగర్ ఈ మూడూ నాళం లోపలి పొరను దెబ్బతీసి చొరబాటుకు దారి సులువు చేస్తాయి.

ఈ కొవ్వు మేటను చీము పట్టిన గడ్డతో పోల్చుకుంటే జబ్బు తీరు బాగా అర్థమవుతుంది. పెద్దదిగా కనిపించే గడ్డ కంటే పల్చటి కప్పున్న చిన్న గడ్డే ఒక్కోసారి ముందు పగులుతుంది. పగిలిన చోట నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. ట్రెడ్‌మిల్ పరీక్షలో ఏ లోపమూ కనిపించని మనిషికి కొద్ది నెలల్లోనే గుండెపోటు రావడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

అది పగిలేది యాభైలలో కావచ్చు, మొదలయ్యేది మాత్రం ఇరవైలలోనే. కొరియా యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికులు 300 మంది గుండెలను వైద్యులు కోసి చూశారు. వాళ్ల సగటు వయసు 22. వారిలో 77 శాతం మంది గుండె నాళాల్లో జబ్బు ఆనవాళ్లు కంటికే కనిపించాయి. 1953లో అచ్చయిన ఆ నివేదిక వైద్యలోకాన్ని నివ్వెరపరిచింది. కసరత్తు చేసి, పరీక్షలు నెగ్గి సైన్యంలో చేరిన కుర్రవాళ్ల సంగతే అది.

జబ్బు పుట్టుకకు కారణాలను జనం మధ్య వెతకడం కూడా అదే కాలంలో మొదలైంది. అమెరికాలో బోస్టన్‌కు దగ్గరలో ఉన్న ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్నంలో 1948లో 5,209 మంది స్త్రీ పురుషులను ఎంచుకొని, రెండేళ్లకొకసారి పరీక్షిస్తూ వచ్చారు. అధిక రక్తపోటు, కొలెస్టరాల్, సిగరెట్ గుండెపోటుకు ముందే కనిపించే గుర్తులని తేల్చింది ఆ పట్నమే. ఇవాళ ప్రతి డాక్టరు నోటా వినిపించే ‘రిస్క్ ఫ్యాక్టర్’ అన్న మాట 1961లో అక్కడి పరిశోధకులు రాసిన వ్యాసంతోనే వాడుకలోకి వచ్చింది. అంతకుముందు వయసుతో పాటు బీపీ పెరగడం సహజమేననీ, దాన్ని తగ్గించనక్కర్లేదనీ నమ్మిన పెద్ద డాక్టర్లు ఉండేవారు.

ఫ్రేమింగ్‌హామ్ పేరు పొందినంతగా లండన్ బస్సుల కథ పేరు పొందలేదు. అది అన్యాయం. ఎందుకంటే నడకకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని మొదట గట్టిగా చూపించింది ఆ బస్సులే. జెరీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడికి రెండో ప్రపంచ యుద్ధానంతరం ఒక ప్రశ్న పట్టుకుంది. గుండెపోట్లు ఇంతగా పెరగడానికి పనిచేసే తీరుకూ ఏమైనా ముడి ఉందా అని. లండన్ రవాణా సంస్థలో 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న సుమారు 31,000 మంది ఉద్యోగుల రికార్డులు తెప్పించుకున్నాడు. లండన్‌వి డబుల్ డెక్కర్ బస్సులు. హైదరాబాద్ పాతకాపులకు ఆ రకం బస్సులు గుర్తుండే ఉంటాయి. డ్రైవరు రోజంతా సీటుకు అతుక్కొని కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ పైఅంతస్తుకీ కిందికీ మెట్లెక్కి దిగుతూ ఉంటాడు. అలా రోజుకు వందల మెట్లు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే వీధి, ఇంచుమించు ఒకే జీతం, ఒకే తరగతి కుటుంబాలు. తేడా అల్లా కూర్చోవడంలోనూ ఎక్కి దిగడంలోనూ ఉంది. 1953లో లాన్సెట్ పత్రికలో మోరిస్ ఫలితాలు వెలువరించాడు. కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. వచ్చినవాళ్లకు కూడా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ప్రాణం తీసింది కూడా తక్కువే. తపాలా శాఖలోనూ అదే వరస కనిపించింది: సైకిలు మీదా కాలినడకనా ఉత్తరాలు పంచేవాళ్ల కంటే బల్లల దగ్గర కూర్చునే గుమస్తాలకు, టెలిఫోన్ ఆపరేటర్లకు ముప్పు ఎక్కువ.

మోరిస్ మీద గౌరవం పెంచే సంగతి ఇంకొకటి ఉంది. తన ఫలితాన్ని తానే శంకించాడు. ఒకవేళ మొదటినుంచీ బొద్దుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో? అలాగైతే మెట్ల గొప్ప ఏముంది? దీన్ని తేల్చడానికి సంస్థ సిబ్బందికి కుట్టించి ఇచ్చే యూనిఫారాల కొలతలు తీయించాడు. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత చిన్న వయసులోనే కండక్టర్ల కంటే ఎక్కువగా ఉంది. 1956లో ఆ సంగతిని కూడా దాచకుండా అచ్చువేశాడు. తరవాత ఆఫీసు ఉద్యోగుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి, తీరిక వేళల్లో చెమట పట్టేలా వ్యాయామం చేసేవాళ్లకు గుండెపోట్లు బాగా తక్కువని చూపించాకే తన మాటను గట్టిగా చెప్పాడు. 2009లో చనిపోయేనాటికి మోరిస్ వయసు 99.

పొగాకు లెక్క ఇంతకంటే సూటిగా తేలింది. 1951లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 34,439 మంది మగ డాక్టర్ల సిగరెట్ అలవాట్లు రాసుకున్నారు. యాభై ఏళ్లపాటు వాళ్లను వదలకుండా గమనించిన ఫలితం 2004లో వెలువడింది. ఊపిరితిత్తుల కేన్సర్ గురించి మొదలైన ఆ పని గుండె గురించీ అంతే గట్టిగా చెప్పింది. జీవితాంతం సిగరెట్ తాగినవాళ్లు తాగనివాళ్ల కంటే సగటున పదేళ్లు ముందుగా పోయారు. ముప్పైలో మానేసినవాళ్లకు ఆ పదేళ్లూ దాదాపు తిరిగొచ్చాయి. నలభైలో మానేస్తే తొమ్మిది, యాభైలో మానేస్తే ఆరు, అరవైలో మానేసినా మూడేళ్లు. ‘ఇప్పుడు మానేసి ఏం లాభం’ అనే పెద్దవాళ్లకు చూపించవలసిన అంకెలివి.

ఇంత తెలిసినా తెలిసినవాళ్లు మారలేదు. కరేలియా విలువ ఇక్కడుంది.

ఆ మహజరు ఫలితంగా 1972లో మొదలైన ప్రాజెక్టు పగ్గాలు చేతికి అందుకున్న పెక్కా పుస్కాకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన బృందం ముందుగా జనాన్ని పరీక్షించింది. మగవాళ్లలో సగానికి పైగా పొగతాగేవాళ్లు. రక్తంలో కొలెస్టరాల్ సగటు డెసీలీటరుకు 260 మిల్లీగ్రాములు దాటింది. రొట్టె మీద వెన్న దట్టంగా రాసుకోవడం, కూరల్లో వెన్న, మీగడ పాలు, కొవ్వు మాంసం, ఉప్పు. కూరగాయలు చాలా ఇళ్లలో పశువుల తిండి కిందే లెక్క. ఏడాదిలో ఎక్కువ భాగం చలి ఉండే, పాడి తప్ప వేరే ఆదాయం అంతగా లేని సీమలో అది తప్పుడు తిండి ఏమీ కాదు. తాతముత్తాతల నుంచి వచ్చిన మర్యాద గల తిండి. యుద్ధం తరవాత కాస్త చేతిలో డబ్బు ఆడేసరికి ఆ మర్యాద ప్రతి పూటకూ పాకింది.

పుస్కా బృందం ఆసుపత్రులు కట్టమని అడగలేదు. మార్తా సంఘాలని 1899 నుంచి ఉన్న గృహిణుల సంఘాలు ఆ దేశంలో ఊరూరా ఉన్నాయి. ఆ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లారు. పాత వంటకాలనే వెన్న తగ్గించి, కూరగాయలు చేర్చి వండటం ఎలాగో ఊరి హాళ్లలో సాయంత్రం పూట విందులు పెట్టి చూపించారు. అందరూ కలిసి తినేవారు, వండిన పద్ధతి ఇంటికి తీసుకుపోయేవారు. ఊళ్లో పదిమంది మాట వినేవాళ్లు ఎవరో కనుక్కొని, బడి పంతుళ్లకూ కొట్టు యజమానులకూ సంఘాల పెద్దలకూ తర్ఫీదు ఇచ్చారు. నర్సులు బీపీ చూసి పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు. టీవీలో నిజమైన మనుషులను కూర్చోబెట్టి, వారం వారం వాళ్లు సిగరెట్ మానే ప్రయత్నాన్ని దేశమంతా చూసేలా కార్యక్రమాలు చేశారు. తరవాతి ఏళ్లలో ఊళ్ల మధ్య కొలెస్టరాల్ తగ్గించే పోటీలు కూడా జరిగాయి.

అసలైన పోరు తిండి తయారుచేసే వాళ్లతో నడిచింది. వెన్న తగ్గించమంటే పాడి రంగం ఊరుకోలేదు, గట్టిగా ఎదురుతిరిగింది. సీమ బతుకుతెరువే పాడి మీద ఉన్నప్పుడు ఎదురుతిరగడంలో వింత లేదు. ప్రాజెక్టు వాళ్లు రైతును శత్రువుగా చూడలేదు. కొవ్వు తక్కువ పాలకు, పెరుగుకు గిరాకీ పెంచారు. ఆ చలి నేలలో బాగా కాసే బెర్రీ పండ్ల సాగుకు ప్రభుత్వ సాయం ఇప్పించారు. కొందరు పాడి రైతులు ఆ సాగుకు మళ్లారు. ఫిన్లాండ్ వాతావరణంలో పండే ఒక రకం ఆవ గింజ నుంచి తీసిన నూనె వెన్న స్థానంలోకి వచ్చింది. సాసేజీలు తయారుచేసే కంపెనీలు కొవ్వు, ఉప్పు తగ్గించాయి. పొగాకు మీద దేశమంతటికీ వర్తించే చట్టం 1970ల రెండో సగంలో వచ్చింది. ఉప్పు ఎక్కువున్న పదార్థాల మీద ఆ సంగతి రాయాలన్న నిబంధన ఆ తరవాత చేరింది.

ఫలితం: పనిచేసే వయసు మగవాళ్లలో గుండె నాళాల జబ్బు మరణాలు నలభై ఏళ్లలో 80 శాతానికి పైగా తగ్గాయి. ఆడవాళ్లలోనూ అదే స్థాయి తగ్గుదల.

శాస్త్రం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. పోలిక కోసం ఎంచుకున్న పొరుగు సీమ కుఓపియోలో కూడా మరణాలు తగ్గాయి కదా, మరి ఇది ప్రాజెక్టు గొప్ప ఎలా అవుతుంది? తొలి అయిదేళ్లలో కరేలియాలో తగ్గుదల వేగంగా ఉన్న మాట నిజం. 1977 తరవాత అదే పనిని దేశమంతా చేపట్టింది కాబట్టి కుఓపియో పోలికకు పనికిరాకుండా పోయింది. ఎవరి వాటా ఎంత అని పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ఒక విషయంలో లెక్కలు స్థిరంగా ఉన్నాయి. మరణాలు తగ్గడంలో ఎక్కువ భాగం కొలెస్టరాల్, బీపీ, పొగ తగ్గడం వల్లే వచ్చింది. ఆ మూడింటిలోనూ పెద్ద వాటా కొలెస్టరాల్‌ది. మెరుగైన చికిత్సల ప్రభావం 1980ల నడిమి నుంచి తోడైంది. ఒక జాతి జాతంతా ఒక తరంలో తిండి మార్చుకోగలిగిందన్నది అందరూ ఒప్పుకొనే సంగతి.

ఇక తెలుగు నేల. 2003, 2004 ప్రాంతంలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఒక అధ్యయనం జరిగింది. ఆ పల్లెల మొత్తం జనాభా సుమారు 1,80,000. అంటే 1970ల నాటి ఉత్తర కరేలియా అంత. పల్లెల్లో చావులు చాలావరకు ఇంటి దగ్గరే జరుగుతాయి, కారణం ఎక్కడా రాసి ఉండదు. అందుకని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మరణం జరిగిన ప్రతి ఇంటికీ వెళ్లారు. ముందు ఏం జరిగింది, నొప్పి ఎక్కడ వచ్చింది, ఆయాసం ఉందా, కాలూచేయీ పడిపోయాయా అని కుటుంబసభ్యులను అడిగి రాసుకున్నారు. వైద్యులు ఆ వివరాలు చదివి కారణం నిర్ణయించారు. ఏడాదిలో 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించినవి. అంటువ్యాధుల వాటా 12 శాతం. పల్లెవాళ్లకు గుండెపోటు రాదు, అది కార్లలో తిరిగేవాళ్ల జబ్బు అన్న నమ్మకం ఆ 45 పల్లెల్లో కూలిపోయింది.

ఇంకో పెద్ద అధ్యయనం దాని వెంటే ఉండే మరో నమ్మకాన్ని, అంటే ఇది ముసలితనపు జబ్బు అన్నదాన్ని కూల్చింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన భారతీయ సంతతి వైద్యుడు సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన అది. తొలి గుండెపోటు వచ్చే నడిమి వయసు మిగతా దేశాల్లో 59 ఉంటే దక్షిణాసియాలో 53. పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా పూర్తికాని వయసు. మరీ ముఖ్యంగా, పొగాకు, కొలెస్టరాల్ కొవ్వుల తీరు, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయల లోటు, మద్యం తీరు, వ్యాయామ లోపం అనే తొమ్మిదే మగవాళ్లలో 90 శాతం ముప్పునూ ఆడవాళ్లలో 94 శాతం ముప్పునూ వివరించాయి. ‘మా వంశంలోనే ఉంది’ అన్న మాటకు కొంత నిజం ఉన్నా, దాని వెనక దాక్కోవడానికి చోటు చాలా తక్కువ.

కరేలియా వాళ్ల జబ్బు వెన్నది. తెలుగువాళ్ల జబ్బు తీరు వేరు. మనిషి సన్నగానే కనిపిస్తాడు, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. మొత్తం కొలెస్టరాల్ మామూలుగా ఉంటుంది, మంచిదైన హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, షుగర్ గుమ్మం దగ్గరే. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని మన దేశపు వైద్యులు యూరప్ వాళ్ల కంటే తక్కువ హద్దు పెట్టింది ఇందుకే. పాలిష్ బియ్యం అన్నం కొండంత, కూర గోరంత. పచ్చడి, అప్పడం, వడియం. సాయంత్రం మిర్చిబజ్జీ, చక్కెర పోసిన టీ రోజుకు నాలుగైదుసార్లు. ఈ తిండి నాగలి పట్టినవాడి కోసం పుట్టింది. ట్రాక్టరు వచ్చాక, బైకు వచ్చాక, వరినాటు యంత్రం వచ్చాక పళ్లెం మాత్రం అలాగే ఉండిపోయింది. నడుద్దామంటే చాలా పట్నాల్లో నడిచే బాట లేదు. ఉన్నచోట బండ్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ ఉన్నాయి. ఆడవాళ్లకు ఇంకా కష్టం. చీకటి పడ్డాక ఒంటరిగా నడవడానికి ఇంట్లోనూ ఒప్పుకోరు, వీధి దీపాలూ వెలగవు. వ్యాయామం చేయడం లేదని ఆమెను తప్పుపట్టే ముందు మున్సిపాలిటీని రెండు ప్రశ్నలు అడగాలి.

ఆలస్యం ఇంకో శాపం. ఛాతీలో బరువుగా ఉందంటే ఇంట్లో మొదట వినిపించే మాట ‘గ్యాసేమో’. సోడా తాగిస్తారు, వాము నమలమంటారు, పడుకుంటే తగ్గుతుందంటారు. మూసుకుపోయిన నాళాన్ని తెరిచే మందుగానీ, యాంజియోప్లాస్టీగానీ తొలి గంటల్లో చేసినంత మేలు తరవాత చేయలేవు. గడిచే ప్రతి నిమిషం గుండె కండరం కొంత చస్తూ ఉంటుంది. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి స్పష్టంగా ఉండకపోవచ్చు. ఆయాసం, చల్లని చెమట, దవడలోనో వీపులోనో బాధ, చెప్పలేని నీరసం మాత్రమే ఉండొచ్చు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ తెలుగువాళ్లు దేశానికి చూపించిన దారి. గుండెపోటు వేళ దానికి ఫోన్ చేయడం కంటే పక్కింటివాళ్ల కారు కోసం వెతకడం ఇప్పటికీ ఎక్కువగా కనిపిస్తుంది.

చికిత్స విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు చేసింది తక్కువేమీ కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల స్టెంట్, బైపాస్ అన్న మాటలు కూలీ ఇంటికీ అందాయి. 2017లో కేంద్రం స్టెంట్ల ధరకు కళ్లెం వేసి, మందుపూత స్టెంట్ 30,000 రూపాయల లోపు దొరికేలా చేసింది. వేల ప్రాణాలు నిలిచాయి. అయితే స్టెంట్ వేసేది మూసుకున్న ఒక చోట. మిగతా నాళాల్లో జబ్బు అలాగే ఉంటుంది, దాన్ని పెంచిన వంటిల్లూ బడ్డీకొట్టూ అలాగే ఉంటాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషికి వారంలోనే మళ్లీ సిగరెట్ అందించే స్నేహితుడు వీధి మలుపులోనే ఉంటాడు.

పొగాకు దగ్గర తెలుగు నేలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులో ఉంది. ఒంగోలు చుట్టుపక్కల వేలంపాటల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో మండే కొనను నోట్లో పెట్టుకొని చుట్ట తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. కరేలియా పాడి రైతుకు బెర్రీ తోట చూపించినట్టు ప్రకాశం రైతుకు గిట్టుబాటయ్యే మరో పంట చూపించకుండా పొగాకు మానమనడం అన్యాయం. శనగ, మిరప వేసిన రైతును ధర పడిపోయిన ఏడాది ఆదుకోవడం కూడా గుండె జబ్బు నివారణలో భాగమేనన్నది ఈ ఉపన్యాసం గట్టిగా చెప్పదలచిన మాట.

ఉప్పు దగ్గర ఇంత చిక్కు లేదు, ఆశ ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది. ఆవకాయ, అప్పడం, చారు ఉన్న ఇంట్లో ఆ గీత మధ్యాహ్నానికే దాటుతుంది. తగ్గించమంటే రుచి పోతుందంటారు, నిజమే. అందుకని సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మీద పరిశోధనలు జరిగాయి. చైనాలో 600 పల్లెల్లో సుమారు 21,000 మందిలో సగం మంది దాదాపు అయిదేళ్లపాటు ఆ ఉప్పు వాడిన పరిశోధన ఫలితం 2021లో వచ్చింది: పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువ. తెలుగువాళ్లు గమనించవలసిన పరిశోధన ఇంకా దగ్గరలో ఉంది. సిద్దిపేట ప్రాంతంలోని ఏడు పల్లెల్లో బీపీ ఉన్న 502 మందిలో మూడు నెలలపాటు సగం మందికి ఆ ఉప్పు, సగం మందికి మామూలు ఉప్పు ఇచ్చారు. ఏది ఏదో వాళ్లకూ తెలియదు, కొలిచినవాళ్లకూ తెలియదు. కొత్త ఉప్పు వాడినవాళ్ల పై బీపీ సగటున 4.6 పాయింట్లు తగ్గింది. ఒక మనిషికి అది చిన్న అంకె. జిల్లా అంతటికీ లెక్కేస్తే ఎన్నో గుండెపోట్లు, పక్షవాతాలు. కూర అదే, చేయి అదే, వంట అదే. డబ్బాలో ఉప్పు మారింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లూ, పొటాషియం పెంచే మందులు వాడేవాళ్లూ డాక్టరును అడగకుండా దాన్ని వాడకూడదు. మిగతావాళ్లకు అడ్డుపడుతున్నది ధర. మామూలు ఉప్పు కంటే బాగా ఎక్కువ. రేషన్ షాపులో బియ్యంతో పాటు అది తక్కువ ధరకు దొరికేలా చేయడం ప్రభుత్వానికి కొత్త ఆసుపత్రి కట్టినంత కష్టం కాదు. వనస్పతిలోని ట్రాన్స్ ఫ్యాట్‌ను 2022 జనవరి నుంచి 2 శాతానికి మించకుండా దేశమంతా కట్టడి చేయగలిగినప్పుడు ఇదీ సాధ్యమే.

చివరగా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల సంగతి. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు వాటిలో దాదాపు సగం పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ అదనంగా మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టించారు. మిగతా పల్లెల్లో ఆ పథకం ఇంకా రాలేదు. పుట్టే పిల్లల బరువు పెంచడం అప్పటి ఉద్దేశం. పదిహేనేళ్ల తరవాత, 2003 నుంచి 2005 మధ్య, వేరే పరిశోధకులు ఆ పిల్లలను మళ్లీ వెతికి పట్టుకున్నారు. వాళ్లు అప్పటికి పదో తరగతి, ఇంటర్ వయసువాళ్లు. ఉప్మా అందిన పల్లెల పిల్లల్లో రక్తనాళాల బిరుసుదనం తక్కువగా ఉంది, ఇన్సులిన్ పనితనం మెరుగ్గా ఉంది. కడుపులో ఉన్నప్పుడూ తొలి ఏళ్లలోనూ తిన్న తిండి పదహారో ఏట నాళాల మీద గుర్తు వదిలింది. ఆ పిల్లలు ఇప్పుడు ముప్పై అయిదు దాటినవాళ్లు, వాళ్లకూ పిల్లలున్నారు. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, గుడ్డు, పాలతో ఒక పూట భోజనం పెడుతున్నారు. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల్లోనూ అలాంటి పథకం ఉంది. ఆ ఖర్చును బడ్జెట్‌లో స్త్రీ శిశు సంక్షేమం కిందే చూపిస్తున్నారు. గుండె జబ్బుల నివారణ కింద కూడా దాన్ని లెక్కగట్టి, గుడ్డు తగ్గిన నెలనూ పాలు రాని నెలనూ ఆరోగ్యశాఖ సైతం అడిగి తెలుసుకునే ఏర్పాటు కావాలి.